వెనకింటి పాపకు నీళ్ళు పోసిన రోజులు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. టీ చల్లారితే మళ్ళీ వెచ్చబెడతాను. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. ఇక్కడ పెర్త్‌లో ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది రేకు కంచె. మనం తుమ్మితే అవతలి వాళ్ళకు వినపడుతుంది, వాళ్ళు ఏడిస్తే మనకు వినపడుతుంది.

నేను విన్నది ఏడుపే.

హారిస్‌డేల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అమ్మాయి, అల్లుడు పొద్దున్నే పనికి పోతారు. ఇక ఇంట్లో నేనూ, నా ప్రార్థనా. మా వెనకింట్లో తెలుగువాళ్ళే, వరంగల్ వైపు జంట. కిటికీ తెరలు ఎప్పుడూ దించే ఉంటాయి. ఆ అబ్బాయి చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టడానికి వచ్చినప్పుడు ఒకసారి “వందనాలు బాబూ” అన్నాను, అలవాటు కొద్దీ. అతను నన్ను కిందికీ పైకీ చూసి తల తిప్పుకున్నాడు. ఆ ఒక్క పలకరింపుతో మేము క్రైస్తవులమని అతనికి తెలిసిపోయింది. ఆ చూపుతో నాకూ అతని మీద మనసు విరిగింది. కంచె అవతల అమ్మాయి ఏడుపు వినపడ్డ ప్రతిసారీ, వీడే ఏదో చేస్తున్నాడనుకున్నాను.

ఆ నెలలోనే పాస్టరమ్మ గారు గట్టిగా ఒక మాట అన్నారు. మా తెలుగు సంఘం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటుంది. “మన ఇళ్ళల్లోనే కూటాలు పెట్టుకుని, మన బిర్యానీ మనమే తిని వస్తున్నాం. ఈసారి ఎప్పుడూ గడప తొక్కని ఇంటికి వెళ్ళండి” అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. తీరా చూస్తే ఒకరి స్నేహితుల ఇంటికి ఒకరు వెళ్ళివచ్చారు. నేను మాత్రం కంచె వైపు చూస్తూ కూర్చున్నాను. వెళ్ళడానికి భయం, వెళ్ళకుండా ఉండడానికీ భయం.

ఇంతలో పసిబిడ్డ ఏడుపు కూడా కలిసింది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరి ఏడుపూ ఒకేసారి వినపడేది. మా అమ్మాయితో చెప్తే, “అమ్మా, ఇది ఆస్ట్రేలియా. మెసేజ్ పెట్టకుండా ఎవరి తలుపూ కొట్టకూడదు” అంది. నా దగ్గర వాళ్ళ నంబరెక్కడిది? బాలింతకు పెట్టే వెల్లుల్లి కారం డబ్బాలో పోసుకుని, వీధి చుట్టి వెళ్ళాను.

తలుపు సగమే తెరిచాడు.

“ఏ చర్చి ఆంటీ?”

“చర్చి నుంచి కాదు బాబూ, వెనకింటి నుంచి.”

సగం నిజమే అది. మిగతా సగం అతను నా మొహంలో చదివేశాడేమో, తలుపు అంతకన్నా తెరవలేదు. లోపల్నుంచి ఆ పిల్ల గొంతు వచ్చింది: “ఎవరైనా సరే, లోపలికి రానియ్యి.”

వెళ్ళి చూస్తే పిల్ల పీక్కుపోయి ఉంది. ఆపరేషన్ కాన్పు. వంగలేదు, కూర్చోలేదు. తల్లికి వీసా రాలేదు. చేతి మీద నల్లగా కమిలిన మచ్చ చూసి, వీడి పనే అనుకున్నాను. అతను వంటింట్లోకి వెళ్ళగానే ఆ మచ్చ మీద వేలు పెట్టి కళ్ళతోనే అడిగాను.

“డ్రిప్ సూది ఆంటీ. మీరేమనుకుంటున్నరు?” అని నవ్వబోయి ఏడ్చింది. “నాకు నిద్ర లేదు. దీన్ని ఎవరికన్నా ఇచ్చేద్దామనిపిస్తుంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. మీకే చెప్తున్న.”

అమ్మా, ఆ మాట విన్నాక నాకు సంఘం, గడప, పాస్టరమ్మ గారు ఏదీ గుర్తు రాలేదు. ఆ పిల్ల నిద్రపోవాలి. లేకపోతే ఏం జరిగేదో తలచుకోవడానికే భయం.

స్నానాల గదిలో నేల మీద తువ్వాలు పరిచి, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. నూనె రాసి, ఒళ్ళు పట్టి, నీళ్ళు పోశాను. బిడ్డ ఏడుపు మానింది. చివరికి దోసెడు నీళ్ళు తీసుకుని బిడ్డ చుట్టూ తిప్పి, నా పిల్లలకు అన్నట్టే “యేసయ్య రక్ష, నూరేళ్ళ ఆయుష్షు” అన్నాను. హిందువులు అక్కడ “శ్రీరామరక్ష” అంటారు. అది నాకు తెలియక కాదు. నోరు దాని అలవాటున అది పోయింది.

అతను గుమ్మంలోనే ఉన్నాడు.

“ఏమన్నరు ఆంటీ? బాప్టిజం ఇచ్చేసిండ్రా?”

“అయ్యో, మాలో పసిబిడ్డలకు ఇవ్వరు బాబూ. పెద్దయ్యాక వాళ్ళే అడగాలి. అదీ దోసెడు నీళ్ళతో అవదు, మనిషిని నిలువునా ముంచాలి.”

అది వినేసరికి అతనికి ఇంకా భయమేసింది. నా మాట నిజమో కాదో అని అక్కడే ఫోన్ తీసి వెతికాడు. చదివాడు. చదివినా నమ్మలేదు. “మీరింక రాకుండ్రి” అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

తెల్లారి అతను ఆఫీసుకు వెళ్ళాక ఏడుపు మొదలైంది. బిడ్డది ఒక్కటే. తల్లి గొంతు లేదు. దాంతో నాకు మరీ అనుమానమేసింది. వద్దన్న ఇంటికి వెళ్తే పోలీసుల్ని పిలుస్తారేమో. నాకు ఇంగ్లీషు రాదు. ప్రభువా, ముందు నువ్వు నడువు అనుకుని చెప్పులు వేసుకున్నాను.

ఇక్కడి బెల్లుకు కన్ను ఉంటుంది, నోరూ ఉంటుంది. నొక్కగానే ఆఫీసులో కూర్చున్న మొగుడు బెల్లులోంచి మాట్లాడాడు: “ఆంటీ, వద్దని చెప్పిన కదా. మళ్ళా ఎందుకొచ్చిండ్రు?”

“బిడ్డ ఏడుస్తోంది బాబూ. మీ ఆవిడ పలకడం లేదు.”

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో ఫోన్. ఫోన్‌లో వాళ్ళమ్మ, అక్కడ వరంగల్‌లో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

బెల్లు మళ్ళీ అందుకుంది: “ఆమె ఏదో చదువుతది. నాకు డౌటే.”

“నువ్వు జెర ఆగు అల్లుడా” అంది ఫోన్‌లోని తల్లి. “అక్కా, నిన్న ఏమన్నవో నా బిడ్డ చెప్పింది. నిజంగ అన్నవా?”

“అన్నానమ్మా. అబద్ధం చెప్పను. నీ దేవుడి పేరు నా నోటితో అనలేను, నా ప్రభువు పేరు మీకు పడదు. మనసులో మాత్రం ప్రార్థన చేసుకుంటాను, అది ఆపడం నా వల్ల కాదు.”

ఆవిడ కొంగు భుజాన సర్దుకుంది. “మనసుల ఏమన్నా అనుకో. నీళ్ళు నువ్వు తిప్పు. మాట నేనంట.”

ఆ పిల్ల ఫోన్‌ను బాత్రూమ్ షెల్ఫ్ మీద సబ్బు పక్కన నిలబెట్టి, వెళ్ళి పడుకుంది. నీళ్ళు పోశాను. “సాంబ్రాణి ఎయ్యవా అక్కా?” అంది ఆవిడ. “వేస్తే పొగకు పైన గంట మోగి ఫైరింజన్ వస్తుందంట వదినా” అన్నాను. అన్నాకే తెలిసింది వదినా అన్నానని. చివరి దోసెడు నేను తిప్పాను, “శ్రీరామరక్ష” అని ఆవిడ అక్కడ్నుంచి అంది. పెదవి కదపకుండా నేనూ నా మాట అనుకున్నాను. ఎవరిది ముందు చేరిందో నాకు తెలియదు.

వెళ్ళి చూస్తే బిడ్డ తల్లి అప్పటికే మంచం మీద నిద్రపోయింది.

ఆ వారం సంఘంలో, పాస్టరమ్మ గారితో నేను చెప్పిన సంగతి విని, ఒక సహోదరి నన్ను పక్కకు పిలిచింది. “అక్కా, అన్యుల మాట అంటుంటే నువ్వు నీళ్ళు తిప్పావంట! ఇంతకీ ప్రభువు గురించి సాక్ష్యం చెప్పావా లేదా?” అటు ఆ ఇంటికీ, ఇటు మా సంఘానికీ నా మీద అనుమానమే. పాస్టరమ్మ గారు మాత్రం ఏమీ అనకుండా బాలింత పథ్యానికని పొట్లంలో మెంతులు ఇచ్చి పంపారు.

ఆ అబ్బాయి నన్ను పూర్తిగా ఎప్పుడు నమ్మాడో నాకు తెలియదు. అసలు నమ్మాడో లేదో. రోజూ బెల్లు కన్ను నన్ను చూసేది, ఫోన్ షెల్ఫ్ మీద నిలబడేది. నేనూ ఆ ఇంటి గుమ్మంలో ఏ రోజూ కుదురుగా నిలబడలేదు. ఒక సాయంత్రం అతను పెందలాడే ఇంటికి వచ్చాడు. పెళ్ళాం తల దువ్వుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళూ చేతులూ ముద్దు చేస్తూ ఉంది. అతను బూట్లు కూడా విప్పకుండా అలాగే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, “రేపు గూడ ఫోన్ పెడుతా ఆంటీ” అన్నాడు.

“పెట్టు బాబూ. మీ అత్తగారు లేకపోతే నాకూ తోచదు.”

అతను నవ్వలేదు. తలుపు మాత్రం పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు, నేను వీధి మలుపు తిరిగేదాకా.

విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. మీ ఇంటి బాలింతకు కంటి నిండా నిద్ర, బిడ్డకు కడుపు నిండా పాలు దొరకాలి. కష్టంలో ఉన్నప్పుడు ఏదో ఒక చెయ్యి మిమ్మల్ని అడగకుండానే ఆదుకోవాలి. ప్రభువు మీ పిల్లాపాపల్ని కాచి కాపాడును గాక.