ధర్మవరం దాకా వంగి పోయిన వైనం

ఒక మనిషి ఏరికోరి, ముచ్చటపడి, తన నడుము తానే ఎలా విరగ్గొట్టుకోవచ్చో తెలుసుకోవాలంటే మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే కూర్చోండి, నేను చెప్తాను. నడుముతో పోయి ఉంటే బాగుండేది. మా నాయన పరువు కూడా దాని వెనకే పోయింది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. హిందూపురం దగ్గర ఒక కంపెనీలో స్టోర్ కీపర్ పని. మనిషిని ఆరడుగుల పైన ఒక అంగుళం ఉంటాను. ఈ జరిగినదాంట్లో సగం తప్పు ఆ పొడవుదే. మిగతా సగం నాది.

పెనుకొండలో ఒక లెక్చరర్ గారి దగ్గర ఎర్రటి స్పోర్ట్స్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పెళ్ళయ్యాక ఆయన భార్య ఆ వెనక సీటు ఎక్కనంటే ఎక్కనని భీష్మించుకుందట, అందుకని అమ్మేశారు. బండి బంగారం లాంటిది. దాన్ని ఉన్నది ఉన్నట్టు తోలుకుంటే ఈపాటికి నేను చెప్పడానికీ, మీరు నవ్వడానికీ ఏమీ ఉండేది కాదు. కానీ నేను ఫోన్‌లో వీడియోలు చూశాను. రేసుల్లో వాళ్ళు బండి మీద బల్లిలా అతుక్కుని పోతుంటారు చూడండి, అవి. నేనూ బల్లిని కావాలనుకున్నాను.

హిందూపురంలో మా మెకానిక్ మస్తానన్న దగ్గరికి తీసుకుపోయాను.

"అన్నా, ఈ హ్యాండిల్ పీకేసి రేసు బండి హ్యాండిల్ వెయ్యల్ల. బాగా కిందికి ఉండల్ల."

"ఎంత కిందికప్పా?"

"ఎంత కిందికి పోతే అంత."

"కాళ్ళు పెట్టుకునేటివి?"

"అవి వెనక్కి జరపల్ల. ఇంగా, సీటు తీసేసి సన్నటిది వెయ్యల్ల."

మస్తానన్న పానా కింద పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి కొంచెం సేపు పట్టింది.

"తోలేది ఎవరు?"

"నేనే అన్నా."

"నడుము కూడా నీదేనా?"

వెటకారం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. వారం తర్వాత బండి వచ్చింది. హ్యాండిల్ ముందు చక్రం మీదికి దిగిపోయింది. కాళ్ళు పెట్టేవి ఎక్కడో వెనక నంబరు ప్లేటుకు చుట్టాలైనాయి. సీటు అట్టముక్క మందం. ఎక్కితే గడ్డం ట్యాంకుకు ఆనుతుంది, మోకాళ్ళు మోచేతుల్ని పలకరిస్తాయి. అద్దంలో చూసుకుంటే నాకు నేను చిరుతపులిలా కనిపించాను.

మా నాయన ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి. డ్రైవరంటే స్టీరింగ్ ముందు దేవుడి పటంలా నిటారుగా కూర్చోవాలని ఆయన నమ్మకం. వాకిట్లో నన్ను చూసి అడిగాడు.

"ఒరే శీనా, బండి మీద కూచుంటాండావా, బోర్లా పండుకుంటాండావా?"

నేను జవాబు చెప్పలేదు. చిరుతపులులు జవాబులు చెప్పవు.

ఇప్పుడు అసలు సంగతి. మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. అమ్మ వాళ్ళ అన్న, అంటే మా మేనమామ ఓబులేసు, ధర్మవరంలో ఉంటాడు. ఇంట్లో రెండు మగ్గాలు, బయట ఒక చిన్న చీరల అంగడి. ఆయనకూ మా నాయనకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. మా గృహప్రవేశం పత్రికలో మామ పేరు ఎక్కడో అడుగున, బస్సు డిపోలో నాయన స్నేహితుల పేర్ల కింద పడింది. అచ్చువేసినవాడు చేసిన పని. మామ నమ్మలేదు, నాయన బతిమాలలేదు. అంతే.

కానీ మేనమామ లేకుండా ఆడపిల్ల పెళ్ళి ఎట్లా? బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది ఎవరు? అమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు నాయన ఒక మెట్టు దిగాడు. తాను పోడట. నన్ను పంపుతాడట.

"పత్రిక చేతిలో పెట్టు. రమ్మను. అంతే. కాళ్ళాయేళ్ళా పడే పని లేదు. మనం ఏ తప్పూ చేయలా. తలెత్తుకోని పో, తలెత్తుకోని రా."

"అట్లే నాయనా," అన్నాను. నిజం చెప్తున్నాను, నా మనసంతా బండి మీదే ఉంది. హిందూపురం నుంచి ధర్మవరం! చిరుతపులికి మొదటి వేట. పత్రిక, కుంకుమ పొట్లం చొక్కాలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను.

ఊరు దాటేదాకా స్వర్గం. సోమందేపల్లి దగ్గర మెడ ఏదో చెప్పబోయింది, వినలేదు. పెనుకొండ వచ్చేసరికి మణికట్లు, భుజాలు, నడుము ముగ్గురూ కలిసి గట్టిగా మాట్లాడారు. టీ తాగుదామని దిగాను. అంటే కాలు దిగింది, నడుము దిగలేదు. వంగిపోయి నేల చూస్తూ నిలబడ్డాను.

టీ అంగడాయన అడిగాడు. "ఏం పడిపోయిందప్పా? ఎతుకుతాండావు?"

"ఏం లేదన్నా."

"తాళం చెవా?"

"కాదన్నా. టీ ఇయ్యి."

ఆయన పాపం మంచివాడు. గ్లాసు అక్కడ పెట్టి నాతోపాటు వంగి కాసేపు వెతికాడు. గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, అంగుళం అంగుళం లేచి టీ తాగాను. తెలివైనవాడు అక్కడే బండి వదిలేసి బస్సెక్కుతాడు. నేను మళ్ళీ బండే ఎక్కాను.

హైవే వదిలిన తర్వాత ఉన్న స్పీడ్ బ్రేకర్ల లెక్క నా వెన్నుపూసలకు తెలుసు. ఒక్కో బ్రేకరుకు ఒక్కో పూస తన చోటు వదిలి పక్కవాడి చోట్లో కూర్చుంది. ధర్మవరంలో మామ ఇంటి ముందు బండి ఆపేసరికి, నడుములో "టక్" అని శబ్దం వచ్చింది. బండిలోదేమో అనుకున్నాను. బండి బాగానే ఉంది.

మామ వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పట్టుచీర పెట్టుకుని అంచు చూసుకుంటున్నాడు. నేను గేటు తీసుకుని లోపలికి పోయాను. ఎలా పోయాను? మడత మంచం సగం మడిచినట్టు. నాకు కనపడేది నేల ఒక్కటే. నాపరాళ్ళు, తర్వాత మెట్టు, తర్వాత రెండు కాళ్ళు. అవి మామవేనని చెప్పుల బట్టి గుర్తుపట్టాను.

"మామా..." అని పత్రిక తీయబోయాను. నడుము ఇంకోసారి "టక్" అంది. మోకాళ్ళు మడతపడ్డాయి. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చేతులు చాపాను. దొరికినవి మామ పాదాలు. గట్టిగా పట్టుకున్నాను.

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"శీనా?" అన్నాడు మామ. "లెయ్యప్పా."

"లెయ్యలేను మామా."

"చాల్లే. అయిందేదో అయిపాయ. లెయ్యి."

"నా వల్ల కాదు మామా."

"అంత మాటెందుకురా? నీదేం తప్పుండాది?"

"తప్పు నాదే మామా. హ్యాండిల్..." అని మొదలుపెట్టాను. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి మామ చీర పక్కన పడేసి తనూ ఏడవడం మొదలుపెట్టాడు.

"మీ నాయన పంపినాడా?"

"ఆ. పత్రిక ఇమ్మని. మామా, నా నడుము..."

"చూస్తాండా నాయనా, చూస్తాండా! నాలుగేండ్లకి మీ ఇంట్లో ఒకడు నడుము వంచినాడు!"

పక్కింటివాళ్ళు వచ్చారు. ఎదురింటివాళ్ళు వచ్చారు. మేనల్లుడంటే ఇట్లుండాలని ఒకామె తన కొడుకుని ఒకటి వాయించింది. నన్ను లేపడానికి నలుగురు వచ్చారు గానీ, లాగినప్పుడల్లా నేను కెవ్వుమని అరిచి మామ కాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "క్షమించినానని చెప్పప్పా, అప్పుడుగానీ వదల్డు," అని ఎవరో అన్నారు. "క్షమించినా! క్షమించినా!" అని మామ అరిచాడు. అయినా నేను వదల్లేదు.

అప్పుడు లోపల్నుంచి మా అత్త వచ్చింది. మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుము నొప్పుల్లో అందెవేసిన చెయ్యి. నన్ను చూసింది, గేటు బయట బండిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పక్కన కూర్చుని చెవిలో అడిగింది.

"నడుము పట్టిందా?"

"ఆ అత్తా. నువ్వన్నా చెప్పు..."

"గమ్మునుండు. నాలుగేండ్లకి ఈ మనిషి కరిగినాడు. నోరెత్తినావంటే వీపు కూడా ఇరగ్గొడతా."

నోరు మూసుకున్నాను. బోర్లా పడుకోబెట్టి అత్త ఏదో తైలం రుద్దింది. మామ నాకు ఉగ్గాని, బజ్జీ తన చేత్తో తినిపించాడు. తర్వాత కారు మాట్లాడి, బండి అక్కడే ఉంచి, నన్ను తానే హిందూపురం తీసుకొచ్చాడు.

మా వాకిట్లో కారు ఆగింది. మామ దిగాడు. వెనక నేను దిగాను, అదే మడత మంచం. నాయన నిటారుగా నిలబడి చూస్తున్నాడు. మామ పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, కొడుకును పంపి కాళ్ళు పట్టిస్తావా? అంత పరాయోన్నయినానా నేను? ఒక్క మాట ఫోన్ చేసుంటే పరిగెత్తి రానా?"

నాయన మొహంలో రంగులు మారాయి. నోరు తెరిచాడు. వెనక నుంచి అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. మూడు రోజుల పస్తు ఆ లాగడంలో ఉంది. నాయన నోరు మూసి, మింగి, మళ్ళీ తెరిచాడు.

"ఆ... పెద్దోళ్ళు కదా బావా మీరు," అన్నాడు.

మామ భోంచేసి వెళ్ళిపోయాక అమ్మ డాక్టరును పిలిపించింది. ఆయన చూసి పోయాక నాయన నా మంచం దగ్గరికొచ్చాడు. జరిగిందంతా చెప్పాను. నన్ను కొడతాడేమో అనుకున్నాను.

"డాక్టరేమంటాడు?"

"నాలుగు రోజుల్లో సక్కగా నిలబడతావన్నాడు నాయనా."

"వద్దు," అన్నాడు. "పెండ్లి అయ్యేదాకా నిలబడొద్దు."

అలా మూడు వారాలు, మామ వచ్చినప్పుడల్లా నేను వంగాను. పెళ్ళిలో మామ మా చెల్లెల్ని బుట్టలో మోసుకొచ్చాడు, ఎదురొచ్చిన ప్రతివాడికీ నా కథ చెప్పాడు. నాయన పక్కన నిలబడి, పన్ను పీకించుకున్నవాడిలా నవ్వాడు.

పెళ్ళయ్యాక రైలెక్కి ధర్మవరం పోయాను, బండి కోసం. మామ ఎదురొచ్చాడు.

"అల్లుడూ, నువ్వు చెప్పలేదు గానీ నేను చూసినా. ఎవరో గుద్దినట్లుండారు నీ బండిని. హ్యాండిలంతా కిందికి అణిగిపోయిండాది, సీటు నలిగిపోయిండాది. నాకు కడుపు తరుక్కుపాయ. మంచి మెకానిక్‌కి ఇచ్చి అంతా బాగు చేయించినా."

చూశాను. హ్యాండిల్ నా రొమ్ము దాకా లేచి, ఆంబోతు కొమ్ముల్లా రెండు పక్కలా చాపుకుని ఉంది. సీటు దిండంత మెత్తగా ఉంది. వెనక చీరల మూటలు కట్టుకునే ఇనుప క్యారియర్. ఎక్కి కూర్చున్నాను. జన్మలో మొదటిసారి నా నడుము నన్ను మెచ్చుకుంది.

ఆ క్యారియర్ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఇక నా బతుకులో ఏ బండికీ ఒక్క స్టిక్కర్ కూడా అతికించను, వీడియో చూసి పానా ముట్టను, నా పొడవుతో సంప్రదించకుండా హ్యాండిల్ పట్టుకోను. మామ అది విని మురిసిపోయి, ఆశీర్వదిస్తానని కాళ్ళు ముందుకు పెట్టి నిలబడ్డాడు.