సోకిందట

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. సందు చివర చర్చిలో సాయంత్రాలు ఒక అక్క చదువు చెప్పేది. పలక మీద నేర్చుకున్నది కొంచెమే, మిగతాదంతా మెట్ల మీద నేర్చుకున్నాను. మా ఆయన పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పొద్దున్నే గేటు దగ్గర పేపర్ల కట్ట పడేది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఇంటింటికీ వేసే పని నాది. కింద మొదటి మాట కూడబలుక్కుంటే, పై అంతస్తు చేరేసరికి ఒక హెడ్డింగ్ పూర్తయ్యేది.

అలా చదువుతూ ఒక సంగతి గమనించాను. మేము మాట్లాడేటప్పుడు, కళ్ళతో చూడని దేనికైనా చివర 'అంట' తగిలిస్తాం. ఆమె పోయిందంట, ధర పెరిగిందంట. తప్పైతే ఆ తప్పు మనది కాదు, మనకు చెప్పినవాళ్ళది. పేపర్లో ఆ మాట ఉండదు. పోయింది, పెరిగింది, అంతే. ఎవరో వెళ్ళి చూసి వచ్చారు కాబట్టే అలా రాయగలిగారు అనుకునేదాన్ని. అందుకే అచ్చు మీద నాకు అంత గురి.

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం పేపర్లు ఆగిపోయాయి. కాగితానికి వైరస్ అంటుకుని వస్తుందని ఒక్కొక్క ఇంటివాళ్ళే మానేశారు. చివరికి రెండో అంతస్తు సార్‌కు ఒక్కరికే వచ్చేది. ఆయన ఉద్యోగం పేపరాఫీసులో, ఆయన మానేస్తే ఎలా? అమీర్‌పేటలో హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. ఎప్పుడూ మనిషికి మనిషి తగిలే మైత్రీవనం ముందర, రోడ్డు మధ్యలో కుక్కలు పడుకుంటున్నాయని మా ఆయన చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఊరి నుంచి మా చెల్లె ఫోన్ చేసి, ఎత్తగానే ఏడుపు మొదలుపెట్టింది.

"అక్కా, నీకు కరోనా వచ్చిందంట గదనే!"

"నాకా? ఎవరు చెప్పిండ్రే?"

"పేపర్ల పడ్డదంట. ఊర్ల అందరి ఫోన్లకు వచ్చింది. జర పైలంగుండు. ఇటు మాత్రం రాకు అక్కా, పొలిమేరల ముండ్లకంప ఏసిండ్రు. ఎవ్వరిని రానిస్తలేరు."

తర్వాత ఆ ఫొటో పంపింది. పేపర్ కటింగే. అదే లావు హెడ్డింగ్, అవే సన్నక్షరాలు, పక్కన మా గేటు బొమ్మ. వేలు పెట్టి చదివాను. 'పంజాగుట్ట అపార్ట్‌మెంట్‌లో కలకలం. వాచ్‌మన్ భార్యకు కరోనా సోకిందట. భర్త కూడా దగ్గుతున్నాడట.'

నా గురించి నేను అచ్చులో చదవడం అదే మొదటిసారి. నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాను. చల్లగానే ఉంది.  ఒళ్ళు ఒకటి చెబుతోంది, అచ్చు ఒకటి చెబుతోంది. నేను అచ్చునే నమ్మాను. చాప తీసుకెళ్ళి ఆయనకు దూరంగా వేసుకున్నాను.

"ఏమైందే?" అన్నాడు ఆయన.

"నాకొచ్చింది. పేపర్ల ఉంది."

"పేపరోడు వచ్చి నీ నాడి పట్టుకున్నడా? పొద్దటిసంది గేటుకాడనే ఉన్న, ఎవ్వడు రాలే."

నాకు నవ్వు రాలేదు.

సాయంత్రానికి అసోసియేషన్ సెక్రటరీ గారు మాస్కు మీద మాస్కు కట్టుకుని దిగారు. మా గది సెల్లార్‌లో వెనక మూల, సంపు, మోటారు పక్కన. ఆ మూలకంతా కలిపి ఒక గ్రిల్ తలుపు ఉంది. మేము లోపల ఉండగానే దానికి బయట తాళం వేశారు.

"ఏంటమ్మా, ఊరంతా తెలిశాక గానీ మాకు తెలియదా?"

"మాకేం లేదు సార్. ఆయన దగ్గు ఇప్పటిది కాదు, మీకు ఎరుకనే గద."

"పేపర్లో వేశారు కదమ్మా, ఊరికే వేస్తారా? ఆదివారం దాకా చూస్తాం. తర్వాత మీ ఊరు వెళ్ళిపోండి. బండి మేమే మాట్లాడతాం. ఇంకో వాచ్‌మన్‌ని చూసుకుంటాం."

ఏ ఊరు పోవాలి? అక్కడ ముళ్ళకంప, ఇక్కడ తాళం. ఆ గది పోతే మాకు తల దాచుకునే చోటు లేదు.

గ్రిల్ వెనక పగలు కూడా బల్బు వెలగాల్సిందే. ఎవరో అన్నం డబ్బా పెట్టి, మేము చూసేలోపు మెట్లెక్కిపోయేవారు. సెల్లార్‌లో చిన్న చప్పుడైనా లిఫ్టు గోతిలోంచి పై అంతస్తు దాకా పోతుంది. అందుకని దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. ఇక ఆగేలా లేకపోతే నేను మోటారు వేసేదాన్ని. ఆ మోతలో తనివితీరా దగ్గేవాడు. పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లేవి, పైనుంచి తిట్లు వినబడేవి. దగ్గు వినబడటం కంటే తిట్లే నయం అనిపించేది.

చదువుకోవడానికి కొత్త పేపర్ లేదు. గూట్లో గిన్నెల కింద పరిచిన పాతవి తీసి చదవసాగాను. నూనె మరకల మధ్య వార్తలు. వెళ్ళింది, కూలింది, గెలిచారు. చదువుతుంటే ఏదో తట్టి, ఫోన్లో ఆ ఫొటో మళ్ళీ తీశాను. సోకిందట. దగ్గుతున్నాడట. పేపర్ ఇలా అనదే! గిన్నెలన్నీ దించి, గూళ్ళన్నీ ఖాళీ చేసి వెతికాను. ఆ మాట ఒక్క సినిమా పేజీలో దొరికింది. ఎవరో హీరోయిన్ త్వరలో పెళ్ళి చేసుకోబోతోందట.

"హీరోయిన్‌వైనవ్ పో," అన్నాడు మా ఆయన, నోట్లోంచి తువ్వాలు తీసి. ఈసారి నవ్వాను.

రెండో అంతస్తు సార్ డ్యూటీకి బండి తీయడానికి వచ్చినప్పుడు గ్రిల్ పట్టుకుని అడిగాను.

"సార్, మీ పేపర్ల వార్తకు 'అట' అని రాస్తరా?"

"రాయమమ్మా. అదే మాట మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఆ అచ్చక్షరాలు కూడా మా పేపర్‌వి కావని చెప్పాను. 'పేపరోళ్ళందరూ ఒకటే, మీరూ మీరూ కలిసి దాస్తున్నారు' అన్నారు."

"మరి అది తప్పని మీ పేపర్ల వేయండి సార్."

ఆయన హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. "మేం వేసుంటే సవరణ వేస్తామమ్మా. వెయ్యని వార్తకి సవరణ ఏమని వెయ్యను?"

అయినా ఊరుకోలేదు. ఆఫీసులో ఎవరిని ఒప్పించారో, సిటీ పేజీలో కింద మూలన చిన్నది వేయించి, పేపర్ గ్రిల్ సందులోంచి ఇచ్చారు. 'ఈ ప్రచారంలో నిజం లేదు' అని ఉంది. లేదట కాదు, లేదు. మా ఆయన్ను కూర్చోబెట్టి, చాలనేదాకా చదివి వినిపించాను.

సెక్రటరీ గారు ఆ కాగితం ముట్టుకోనన్నారు. కావాలంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టమన్నారు. సార్ పెట్టారు. కాసేపటికి మెట్ల మీద నుంచే చెప్పారు.

"ఇదీ ఫేకేనట అమ్మా. నేనే కంప్యూటర్లో తయారుచేశానట."

ఫోన్లో చూస్తే నిజమే, రెండు కటింగులూ ఒకేలా ఉన్నాయి. తెలియనివాళ్ళు ఎలా పోల్చుకుంటారు? మా ఆయన బట్టలు మూట కట్టడం మొదలుపెట్టాడు.

శనివారం పొద్దున సంపు ఎండిపోయింది. నేను దగ్గు కోసం పొర్లించిన నీళ్ళే అవన్నీ. మోటారు వట్టిగా గీపెట్టింది. పైన నల్లాలు ఆగిపోయాయి, గంటలో ట్యాంకర్ వచ్చింది. పైపు సంపులో పడాలంటే గ్రిల్ తీయాలి. ఆ బరువైన పైపు పట్టుకుని లోపలికి రావడానికి ఎవరూ దిగలేదు. సెక్రటరీ గారు తాళంచెవి దూరం నుంచి విసిరారు. నేను గ్రిల్‌లోంచి చెయ్యి చాపి అందుకుని, అలాగే తాళం తీశాను.

మా ఆయన బయటికి వచ్చి పైపు భుజాన వేసుకుని లాగాడు. లాగుతూ లాగుతూ దగ్గాడు. గట్టిగా, తువ్వాలు లేకుండా. పైన బాల్కనీల్లో అందరూ బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ లోపలికి పోలేదు.

"కానియ్యి, త్వరగా కానియ్యి," అన్నారు సెక్రటరీ గారు.

అయిపోయాక నేనే అడిగాను. "తాళం మళ్ళ ఏస్కోవాల్నా సార్?"

"రేపు ఇంకో ట్యాంకర్ ఉందిలే," అన్నారు.

ఆదివారం ట్యాంకర్ వచ్చింది. మమ్మల్ని తీసుకెళ్ళే బండి రాలేదు. దాని ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మూట విప్పుకున్నాం. మీకు రాలేదమ్మా, పొరపాటు పడ్డాం అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

పేపర్లు మళ్ళీ వస్తున్నాయి. కట్ట సన్నబడింది, నా చదువు వేగం పెరిగింది. మొన్న కూరల సంచితో లిఫ్టు ఎక్కితే, కొత్తగా అద్దెకు దిగినావిడ పలకరించింది.

"అప్పట్లో ఈ బిల్డింగ్‌లో మొదట మీకే వచ్చిందటగా?"

ఇంతకుముందు ఎవరైనా అడిగితే మొదటి నుంచీ చెప్పేదాన్ని. అట గురించి, సినిమా పేజీ గురించి. సగంలో ఉండగానే వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు. లిఫ్టులో వెనక్కి జరగడానికి ఆమెకూ చోటు లేదు, నాకూ లేదు.

"వచ్చిందంటమ్మా," అన్నాను.