డేవిడ్ రాజు సర్వర్‌కి రెండు తాళ్ళు

డేవిడ్ రాజు మౌస్‌ని బోర్లా తిప్పి, అడుగున అంటించి ఉన్న నున్నటి ముక్కల్ని బ్లేడు మొనతో ఒక్కొక్కటే లేపాడు. స్క్రూలు వాటి కింద దాక్కుని ఉంటాయి. తెలియనివాళ్ళు స్క్రూ కనపడక పక్కల నుంచి పీకి, లోపలి కొక్కేలు విరగ్గొట్టుకుంటారు. రాజు స్క్రూలు తీసి స్టీలు గిన్నెలో వేశాడు. పై డొప్ప ఎత్తి, ఎడమ మీట కిందున్న స్విచ్‌ని గోటితో నొక్కాడు. ఒక్కసారి టిక్కుమనాల్సింది రెండుసార్లు అంది.

ఆ మౌస్ భార్గవిది. చిలకలపూడిలో వాళ్ళింట్లో రోల్డ్ గోల్డ్ పని. పొద్దున్నంతా ఆ పిల్ల గొలుసులకి కొక్కేలు అతుకుతుంది. సాయంత్రం బందరు కోనేరు సెంటర్ దగ్గర రాజు షాపుకొచ్చి తుపాకుల ఆట ఆడుతుంది. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. కొందరు షాపులో కూర్చుంటారు, కొందరు గుడివాడలోనో అవనిగడ్డలోనో తమ ఇళ్ళ నుంచే కలుస్తారు. అందరికీ ఒకటే సర్వర్, అది రాజు సొంతంగా పెట్టుకున్నది. ఆవగింజంత కొక్కేనికి వణక్కుండా అతుకు పెట్టే చెయ్యి కదా, ఆ పిల్ల గురి తప్పదు. తన మౌస్ రిపేరుకిచ్చి, షాపు మౌస్ పట్టుకుని కూడా, రాజు వెనకాలే కూర్చుని గిలకలదిండి కుర్రాళ్ళని ఊచకోత కోస్తోంది.

"ఒరే, ఎటునుంచి కొట్టిందిరా?"

"గోడలోంచి."

"గోడలోంచి కాదెహె, కిటికీలోంచి. నేను చూసేలోపు నేనే లేను!"

వీళ్ళు సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో మరబోట్లు కదలకూడదని నిషేధం పెడతారు. బోట్లు కట్టేసుకున్న కుర్రాళ్ళంతా రాజు షాపులో కూర్చుంటారు. వాళ్ళకి ముందుండేవాడు బాబ్జీ. మనిషి తాటిమానులా ఉంటాడు, ఆటలో మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ చచ్చిపోతాడు.

స్పీకర్లోంచి గుడివాడ కళ్యాణ్ గొంతు వినిపించింది. వాడిది భార్గవి జట్టే. "ఈ చిట్టి పరిగె చేపలకి వల కూడా ఎందుకు భార్గవీ, చేత్తో ఏరెయ్!"

"పరిగె పులుసు రుచి నీకేం తెలుసు తమ్ముడూ?" అన్నాడు బాబ్జీ. "టిఫిన్ సెంటర్ చట్నీ తాగి బతికేవాడివి."

షాపంతా నవ్వింది. కానీ ఆట ముందుకెళ్ళేకొద్దీ ఆ నవ్వు పలచబడింది. బాబ్జీ వాళ్ళకి ఒక్క రౌండు కూడా రాలేదు. ఆఖరికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"రాజు బావా, రేపట్నించి మేం రాం."

"అదేంటయ్యా?"

"ఆడితే కదా రావడానికి? చచ్చిపోయి కూర్చుని ఆళ్ళ ఆట చూడ్డమే మా పని. ఆ మాత్రందానికి ఇంటికాడ టీవీ ఉంది."

భార్గవి కుర్చీ తిప్పింది. "మరి మమ్మల్నేం చెయ్యమంటారు? కావాలని గురి తప్పించాలా? నేను బెజవాడ పోటీకెళ్తున్నాను అంకుల్. ఇంత మెత్తటి ఆట రోజూ ఆడితే నా చెయ్యి మొద్దుబారిపోతుంది."

ఇద్దరి మాటా నిజమే. చిక్కల్లా అక్కడే ఉంది.

రాజుది మొవ్వ దగ్గర పల్లె. ఇంటర్ తప్పాక బందరొచ్చి టైపు ఇన్‌స్టిట్యూట్లో మిషన్లు తుడిచే పనిలో చేరాడు. అక్కడ మూలన పారేసిన కంప్యూటర్ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, అది ప్రాణం పోసుకునేదాకా వదల్లేదు. తర్వాత ఇంటర్‌నెట్ షాపు పెట్టాడు. పరీక్షల ఫలితాల రోజున షాపు ముందు తిరనాళ్ళే. ప్రతి జేబులోకీ ఫోను వచ్చేసరికి ఆ సందడి పోయింది. తోటి షాపులవాళ్ళు షట్టర్లు దించేసి చికెన్ పకోడీ బళ్ళు పెట్టుకున్నారు. రాజు దించలేదు. ఆటలకి పనికొచ్చే మిషన్లు తన చేత్తోనే కట్టుకున్నాడు. ఇప్పుడా షాపుకి పేరు తెచ్చేది భార్గవి లాంటి నలుగురు. కుర్చీలు నింపేది బాబ్జీ లాంటివాళ్ళు. ఎవరు లేచిపోయినా ఈసారి షట్టర్ దించాల్సిందే.

రాజు తనకి తోచిన పని చేశాడు. సర్వర్ని రెండుగా చీల్చాడు. గట్టివాళ్ళకొకటి, సరదాగా ఆడేవాళ్ళకొకటి. గొడవే ఉండదనుకున్నాడు.

గొడవ లేదు సరే, ఆటా లేదు. గట్టివాళ్ళ సర్వర్లో పన్నెండుమంది ఎప్పుడూ జమ కాలేదు. ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, నువ్వు సరిగ్గా ఆడలేదంటే నువ్వు ఆడలేదని దెబ్బలాడుకున్నారు. రెండోదాంట్లో అందరూ ఒకే మెట్ల కింద నక్కి, ఎవరూ బయటికి రాక, ఆవలింతలు తీశారు. వారం తిరిగేసరికి గిలకలదిండి కుర్చీలు ఖాళీ.

భార్గవి వచ్చి నిలబడింది. "నా మౌస్ అయిందా అంకుల్?"

"కొత్త స్విచ్‌లు బెజవాడ నుంచి రావాలమ్మా. పాత మౌస్‌లోది పీకి వెయ్యొచ్చు కానీ, అది నాకే నచ్చలేదు."

"వచ్చాక వేసి ఇచ్చెయ్యండి. కళ్యాణ్ వాళ్ళు బెంగుళూరు వాళ్ళ సర్వర్లో చేరుతున్నారు. నేనూ ఇంటి నుంచే ఆడతాను. ఇక ఇక్కడికి రాను."

కోపంగా అన్లేదు. కోపంగా అన్నా బావుండేది అనిపించింది రాజుకి.

మర్నాడు బాబ్జీ వాళ్ళ నాన్న పోతయ్య ఫోను బాగుచేసి, అదే వంకన రాజు మంగినపూడి వైపు తీరానికెళ్ళాడు. మరబోట్లకే నిషేధం. తెడ్డుతో నడిచే పడవ మీద వెళ్ళి అలివి వల వెయ్యొచ్చు. వల ఒక కొస తాడు ఒడ్డునే ఉంటుంది. పడవ వలని సముద్రంలో వంపుగా దింపుకుంటూ వెళ్ళి రెండో తాడుని దూరంగా మళ్ళీ ఒడ్డుకే తెస్తుంది. రెండు తాళ్ళకీ రెండు గుంపులు నిలబడి లాగుతారు. అప్పటికి లాగుడు మొదలైంది.

"ఏవయ్యా రాజూ," అని కేకేశాడు పోతయ్య. "చేతులు జేబుల్లో పెట్టుకు నిలబడితే చేపలు సిగ్గుపడతయ్యి. పట్టు తాడు!"

రాజు చెప్పులు విడిచి బాబ్జీ ఉన్న తాడు దగ్గరికి పోయాడు. బాబ్జీ స్నేహితులంతా అక్కడే ఉన్నారు, కబుర్లాడుతూ జోరుగా లాగుతున్నారు. రెండో తాడు దగ్గర ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. కాసేపటికి నీళ్ళ మీద తేలే వల బెండ్ల వరస ఒక పక్కకి ఒరిగింది.

పోతయ్య ఇసకలో ఎగిరాడు. "ఒరే దున్నపోతుల్లారా! బలమంతా ఒక్క తాడు మీదే పెడితే వల నడిమి సంచి అటు తిరుగుద్ది. ఇటు వదులు చూసుకుని చేపంతా జారిపోద్ది. బాబ్జీ, నువ్వూ ఇంకో ఇద్దరూ ఈ తాడుకి రండి. రాజూ, నువ్వు బాబ్జీ ఎనకాలే పట్టు. ఆడు అడుగేస్తే అడుగెయ్యి, ఆగితే ఆగు. నీ బలం ఎవడిక్కావాలి, ఆడితో కలిస్తే చాలు."

రాజు అలాగే పట్టాడు. బాబ్జీ "హైలెస్సా" అన్నప్పుడల్లా అడుగేశాడు. అరచేతులు మండిపోయాయి. బెండ్ల వరస మెల్లగా తిన్నగా అయింది. వల ఒడ్డెక్కాక సంచి విప్పితే కవళ్ళూ కానాగంతలూ వెండి పోసినట్టు మెరిశాయి. పోతయ్య పాళ్ళు వేస్తూ రాజు ముందు కూడా ఒక కుప్ప పెట్టాడు.

"నాకెందుకు మావయ్యా? నేను లాగిందెంత?"

"తాడు పట్టినోడికి పాలు ఉంటది. ఎంత లాగావని ఎవడన్నా తూస్తాడా?"

రాజు మండుతున్న అరచేతుల్లోకి చూసుకున్నాడు. సర్వర్ని చీల్చి తను చేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. బలమంతా ఒక తాడుకి కట్టాడు.

"బాబ్జీ, ఆదివారం సాయంత్రం మీవాళ్ళని తీసుకురా."

"మళ్ళీ చావడానికా బావా?"

"ఈసారి మీ నాన్న రూలు మీద."

షాపుకొచ్చి పనిలో కూర్చున్నాడు. చేపల పులుసు ఉడికే వాసన మేడ మీది తన ఇంట్లోంచి వస్తూనే ఉంది, రాజు లేవలేదు. ఎవరు ఎలా ఆడతారో పాత ఆటల లెక్క సర్వర్లోనే ఉంటుంది. దాన్ని చూసి గట్టివాళ్ళని రెండు జట్లలోకీ పంచేలా రాశాడు. ప్రతి గట్టి చేతికీ ఒక కొత్త చెయ్యి జంట. జంటలో ఇద్దరూ బతికుండి గెలిస్తేనే నిండు పాయింటు, ఒక్కరే మిగిలితే సగం. జట్లకి తూర్పు తాడు, పడమర తాడు అని పేర్లు పెట్టాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే రాజు చెప్పలేడు. తప్పు రాస్తే మిషన్ ఒప్పుకోదు, ఒప్పుకునేదాకా రాయడమే అతనికొచ్చిన చదువు.

భార్గవిని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది.

"నేనేమైనా కోచింగ్ సెంటర్ పెట్టానా అంకుల్?"

"నీ ఆట తగ్గించమనట్లేదమ్మా. ఒక్క ఆదివారం చూడు. నచ్చకపోతే స్విచ్‌లు రాగానే మౌస్ ఇంటికే తెచ్చిస్తాను."

ఆదివారం భార్గవికి జంటగా బాబ్జీ పడ్డాడు. తూర్పు తాడు. పడమర తాడులో, భార్గవి పిలిస్తే ఆ ఒక్క ఆదివారానికి వచ్చిన కళ్యాణ్, వాడికి జంటగా ఇంకో బోటు కుర్రాడు. మొదటి రౌండులో భార్గవి ఎప్పట్లాగే రివ్వున దూసుకుపోయింది. ముగ్గుర్ని కొట్టింది. వెనక్కి చూస్తే బాబ్జీ లేడు. రెండో రౌండూ అంతే. అన్నీ సగం పాయింట్లే. అవతల కళ్యాణ్‌కి పుట్టుకతోనే నోరు ఊరుకోదు. "అన్నా ఎడమకి, అన్నా ఆగు, అన్నా వంగు" అని వాగుతూనే నిండు పాయింట్లు పోగేసుకుంటున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు బాబ్జీ. "నువ్వెటు పోతున్నావో చెప్పకపోతే నీ ఎనకాల ఎట్టా రాను? బోటు నడిపే సరంగు నోరు మూసుకుంటే బోటు ఇసక దిబ్బెక్కుద్ది."

"చెప్పే టైమెక్కడిది?"

"చచ్చే టైముంది కదా నాకు!"

భార్గవికి నవ్వొచ్చింది. ఆపుకుంది. తర్వాతి రౌండులో గొంతు సవరించుకుంది. "నేను మెట్ల వైపు వెళ్తున్నాను. నువ్వు తలుపు చూడు. కొట్టక్కర్లేదు. ఎవరైనా కనపడితే 'ఆ' అను, చాలు."

"ఆ మాత్రం నాకొచ్చు."

బాబ్జీ తలుపు దగ్గర కదలకుండా కూర్చున్నాడు. గాలం వేసి కూర్చునే మనిషికి కదలకుండా ఉండటం ఒకరు నేర్పాలా! కాసేపటికి "ఆ!" అని పెట్టిన కేకకి షాపు బయట సోడా బండివాడు కూడా ఉలిక్కిపడ్డాడు. భార్గవి గిర్రున తిరిగి కళ్యాణ్‌ని పడగొట్టింది. నిండు పాయింటు.

"ఎవడు కొట్టాడ్రా నన్ను?" అంది స్పీకరు.

"పరిగె!" అని అరిచాడు బాబ్జీ. గిలకలదిండి కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి.

అక్కణ్ణించి ఆట తాడులా బిగిసింది. ఒక రౌండు ఇటు, ఒకటి అటు. చివరికి పడమర తాడే ఒక పాయింటుతో గట్టెక్కింది. ఓడిన భార్గవి హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని రాజు వైపు కుర్చీ తిప్పింది.

"బెజవాడలో పోయినసారి ఇందుకే ఓడాం అంకుల్. ఎవరికి వాళ్ళం బాగానే కొట్టాం. ఒకరికొకరం చెప్పుకోలేదు." లేచి, సంచి భుజానేసుకుని మళ్ళీ ఆగింది. "శనివారాలు మాత్రం గట్టివాళ్ళ ఆట విడిగా ఉండాలి. అది కూడా కావాలి నాకు."

"ఉంటుందమ్మా. సానబట్టే రాయి లేకపోతే కత్తి ఏం పనికొస్తుంది?"

"శనివారాలు మేం కూర్చుని చూత్తాం," అన్నాడు బాబ్జీ. "టీవీ కన్నా నయమే."

స్విచ్‌లు మర్నాడొచ్చాయి. రాజు ఎడమదాన్ని పీకి, పాత సీసం శుభ్రంగా లాగేసి, కొత్తది అతికాడు. తర్వాత బాగానే ఉన్న కుడిదాన్ని కూడా పీకి కొత్తది వేశాడు. రెంటినీ మార్చి మార్చి నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాడు. రెండూ ఒక్కలాగే పలికాక డొప్ప మూసి, స్క్రూలు బిగించి, నున్నటి ముక్కలు అంటించి వేలితో అదిమాడు.

సాయంత్రం భార్గవి వచ్చి మౌస్ తీసుకుంది. ఎడమ నొక్కింది. కుడి నొక్కింది.

"కుడిదీ మార్చారా? అది బాగానే ఉందిగా!"

"ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే నీ వేలికి తెలిసిపోతుంది."

ఆమె మౌస్‌ని సంచిలో పెట్టుకోలేదు. బాబ్జీ పక్కన కుర్చీ లాక్కుని, షాపు మౌస్ పీకి రాజు చేతికిచ్చి, తనది తగిలించుకుంది.