గోడలో అవ్వ దోవ

మదనపల్లెలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తు వాళ్లు నెల రోజులుగా వంటగది పగలగొట్టించి పెద్దది చేయించుకుంటున్నారు. తడి సిమెంటు వాసన మెట్ల మీదుగా దిగి మా ఇంట్లోకి వస్తుంది. మిగతావాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం పుంగనూరులోని మా పాత ఇల్లు, దాన్ని బాగు చేయించిన ఆ ఏడు నెలలు గుర్తొస్తాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తమ్ముడు పుట్టాక ఇల్లు చాలడం లేదని, బజారులో తాళ్లు, విత్తనాలు అమ్మే మా నాయన, రాతి గోడలు అలాగే ఉంచి మట్టి మిద్దె తీయించి స్లాబు వేయించడానికి, వెనక రెండు గదులు కలపడానికి పూనుకున్నాడు. రెండు నెలల్లో అయిపోతుందన్నాడు. ఇల్లు కట్టించేవాళ్లందరూ అలాగే అంటారు. మేమంతా పెరట్లోని ఆవుల కొట్టంలోకి మారాం. రేకుల కింద ఎండకు ఉడికిపోతూ, ఇటుకల పొయ్యి మీద అమ్మ కెలికిన రాగిసంగటిని ఊరిబిండి పచ్చడితో మింగుతూ, పళ్ల కింద కరకరమనే ఇసుకను ఉమ్మేయడం కూడా మానేసి, ఉగాది ఓళిగలు సిమెంటు బస్తాల మధ్య కూర్చుని తిన్నాం. నాకూ వీధి పిల్లలకూ మాత్రం పండగే. ఇసుక కుప్పలో గవ్వలు ఏరేవాళ్లం, స్లాబు తడి ఆరకుండా పైన కట్టిన మడుల్లో కాగితం పడవలు వదిలేవాళ్లం.

ఇబ్బంది పడ్డది అవ్వ, మా నాయన తల్లి. నేను పుట్టకముందే ఆమెకు చూపు పోయింది. పాత ఇంట్లో ఆ సంగతి కొత్తవాళ్లకు వెంటనే తెలిసేది కాదు. అరచెయ్యి గోడకు ఆనించి, పొడుచుకొచ్చిన రాయి, దీపం గూడు, ఎండుమిరపకాయల మేకు ఒక్కొక్కటే తడుముకుంటూ మంచం నుంచి వంటింటికి, అక్కడి నుంచి పెరటికి తనంతట తానే వెళ్లేది. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించేది. కొట్టంలో ఆ గుర్తులేవీ లేవు. మొదటి రోజే ఆవుల తొట్టి తగిలి పడింది. ఆనాటి నుంచి నా భుజం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

"యాడుండావు మే?" అని కేక వినబడితే ఆట వదిలి పరుగెత్తేదాన్ని. తమ్ముడు పుట్టాక నన్నెవరూ అంతగా పిలిచింది లేదు. ఆ పిలుపంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

మా ఇంటి పని పట్టిన మునెప్ప మేస్త్రీది రామకుప్పం దగ్గర పల్లె. రాతి గోడల మీద సిమెంటు పూస్తుంటే అవ్వ దిగులుపడింది. "అంతా నున్నగా సేసేస్తే నేనెట్ల నడిసేదప్పా?" అని అడిగింది. "దోవ నేనేస్తాలే అవ్వా," అన్నాడాయన. అన్నట్టే పూత పచ్చిగా ఉండగానే, మంచం వేసే చోటు నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి పెరటి వాకిలి దాకా నడుమెత్తున బొటనవేలు పట్టేంత గీత తీశాడు. వాకిలి వచ్చేముందు ఒక గుంట. సరిగ్గా అప్పుడే ఆయన పల్లెలో రాగి చేలల్లోకి ఏనుగులు దిగాయని కబురొచ్చింది. మేస్త్రీ పోతూ పోతూ నన్ను పిలిచి, "పాపా, ఇది అవ్వకు దోవ. సున్నం కొట్టేటప్పుడు పూడ్సొద్దని మీ నాయనకు సెప్పు," అన్నాడు.

నేను చెప్పలేదు.

నాయన ఆ గీత చూసి మండిపడ్డాడు. "ఎవురు గీకినారిది? నువ్వేనా?" అన్నాడు. కాదని తల ఊపాను. పనివాళ్ల నిర్లక్ష్యమని తిట్టుకుని, వేరే మనిషిని పిలిపించి సాయంత్రంలోగా పూడ్పించాడు. మేస్త్రీ పంట కాపలాకని పల్లెలోనే ఉండిపోయాడు; మర్నాడు సున్నం కొట్టారు. గోడలు నిజంగానే అందంగా ఉన్నాయి.

కొత్త ఇంట్లో పాలు పొంగిన రోజు అవ్వ గోడ పొడుగునా అరచెయ్యి జరిపి, కిందా మీదా వెతికింది. "మేస్త్రీ ఈడ దోవ ఏస్తాననె గదా?" అంది.

"మరిసిపోయినట్టుండాడు అవ్వా," అన్నాను.

ఆమె చెయ్యి దించి నా భుజం వెతుక్కుంది. ఆ రోజు నాకు సంతోషమే వేసింది. దాచుకోవడం దేనికి?

తర్వాత డిగ్రీకి మదనపల్లె హాస్టలుకు వచ్చాను. అమ్మకు వంటపని, నాయనకు అంగడి, తమ్ముడికి బడి. అవ్వ మంచం మీదే కూర్చుండిపోయింది. ఒకసారి సెలవులకు నేను ఇంట్లో ఉండగా, మునెప్ప మేస్త్రీ కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చాడు.

"ఏమప్పా, నాకు దోవ ఏస్తానని మరిసిపోతివే," అంది అవ్వ.

ఆయన లేచి వెళ్లి నడుమెత్తున గోడ తడిమాడు. నా వైపు చూశాడు. నేను పెళ్లికార్డులోకి తల వంచాను.

"అవునవ్వా, పని తొందరలో మరిసిపోయినా. ఇప్పుడైనా గీసి పోతాలే."

"ఇప్పుడెందుకప్పా? నడిసేది మానేసి రెండేండ్లాయె."

మరుసటి ఏడు అవ్వ పోయింది. మేస్త్రీ కూడా ఇప్పుడు లేడు. ఆ ఇంట్లో తమ్ముడు ఉంటున్నాడు. దీపం గూడు, మేకులు, ఆవుల కొట్టం ఏవీ లేవు. నాయనకు డెబ్బై దాటాయి. తాను పూడ్పించిన గీత దేనికోసమో ఆయనకు ఏనాడూ తట్టలేదు. మేస్త్రీ మాట వస్తే, "మంచి పనోడే గానీ, మా అమ్మకిచ్చిన మాట మరిసినాడు," అంటాడు.

"అవును నాయనా," అంటాను నేను.