భట్టిప్రోలు దాటని బండి

తెనాలిలో టైపు నేర్పే చోట కూర్చుంటే ఒక సుఖం ఉంది. అక్కడ ఎవరూ మనతో మాట్లాడరు. వరసగా మిషన్లన్నీ ఒక్కసారి దడదడలాడుతుంటే ఎవడి మాట ఎవడికి వినబడుతుంది? కాశీలో నెల్లాళ్ళు ఉండి చూశాను, అక్కడ ఇంత ప్రశాంతత లేదు. గట్టు మీద కూర్చున్న ప్రతివాడూ మోక్షం సంగతి ఎత్తుతాడు. యోబు మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో మోక్షం ఎవరికీ అక్కర్లేదు, టైపు లోయరు పరీక్ష పాసయితే చాలు. అందుకే ఎప్పుడు తెనాలిలో రైలు దిగినా సంచి భుజాన వేసుకుని నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. ఫ్యాను కూడా ఉండేది.

యోబు అనే పేరు ఓర్పుకు గుర్తని, అందుకే పెట్టానని బాప్తిస్మమిచ్చిన పాస్టరుగారు చెప్పారట. పేరు అంటుకుంది, ఓర్పు అంటుకోలేదు. మాస్టారు స్కేలు పట్టుకుని బల్లల మధ్య తిరిగేవాడు. నడుము వంగితే వీపు మీద స్కేలు. కళ్ళు మీటల మీదికి జారితే వేళ్ళ మీద స్కేలు. మీటలు కనబడకుండా వాటి మీద వంచిన రేకు ఒకటి మూతలా పెట్టించేవాడు, చేతులు దాని కిందికి దూర్చి గుడ్డిగా కొట్టాలి. ఇక అక్షరం తప్పిందా, దేవుడు దిగివచ్చినా లాభం లేదు. కాగితం బయటికి లాగి, చింపి, కొత్తది ఎక్కించి, మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. రబ్బరుతో చెరపడమంటే ఆయన దృష్టిలో దొంగనోట్లు అచ్చువెయ్యడంతో సమానం.

"ఆఖరి లైనులో పోయిందండీ, ఒక్క అక్షరమే" అని ఎవరైనా ఏడుపు మొహం పెడితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"కలెక్టరు గారి ఆర్డరులో ఒక్క అక్షరం తప్పుపోతే ఎవడి పొలం ఎవడికి పోద్దో తెలుసా నీకు?"

కొల్లిపర నుంచి, అమృతలూరు నుంచి సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చిన కుర్రాళ్ళు జిల్లాలోని పొలాలన్నీ తమ చిటికెన వేలి మీద ఉన్నట్టు వణికిపోయేవాళ్ళు.

ఎనభైల్లో ఆయన దగ్గర బల్ల ఖాళీ దొరికేది కాదు. దొరక్కపోవడానికి కారణం నాన్నలు. తోలితే వచ్చారు తప్ప తనంతట తాను వచ్చినవాడు ఒక్కడూ లేడు. పరీక్షలకు బాపట్ల తీసుకుపోయి, టిఫిన్ పెట్టించి, భద్రంగా తిరిగి తెచ్చిన పిల్లలు పాసయిన మర్నాటి నుంచి సందు మార్చి నడిచేవాళ్ళు. ఒకసారి మేమిద్దరం బోసురోడ్డు మీద నడుస్తుంటే పాత శిష్యుడొకడు ఆయన్ని చూసి సోడా బండి వెనక్కి నక్కాడు. వాడప్పటికే హెడ్డుకానిస్టేబులు, యూనిఫారంలో ఉన్నాడు. నేను పగలబడి నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆ సాయంత్రం స్కేలు బల్ల మీదే పడి ఉంది.

"ఒక్క పిల్ల వెధవన్నా ఇష్టపడి వచ్చి నా మిషను ముందు కూర్చోవాలి కాంతం. లాగినా లేవకూడదు" అన్నాడు భార్యతో, నా ఎదుటే.

"లాగినా లేవకూడదంటే ఆ స్కేలు పారేసి బజ్జీలు వెయ్యండి" అంది కాంతమ్మ.

కాంతమ్మ రేపల్లెలో ఒక చర్చి బడిలో చిన్న తరగతుల టీచరు. రోజూ పొద్దున్న తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో పోయి, సాయంత్రం అదే బండిలో తిరిగి వచ్చేది. ఆ బండి సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. ప్రపంచంలో నేను ఎక్కిన రైళ్ళన్నిటిలోకీ మర్యాదస్తురాలు అది. ఎవరినీ తొందరపెట్టదు. దాని దయవల్ల పెళ్ళి సంబంధాలు కుదిరాయి, పొలం తగాదాలు తీరాయి, నేను లావుపాటి పుస్తకాలు ముగించాను.

తొంభై మూడులో ఆ బడికి ఎవరో దాత పాత కంప్యూటరొకటి పంపాడు. పెట్టె మీద 'పిల్లల చదువుకు' అని రాసి ఉంది కాబట్టి బడికి చేరింది, లేకపోతే నేరుగా బాపట్లలోని చర్చి పెద్దల ఆఫీసుకే పోయేది. బడి కరస్పాండెంటు అబ్రహాముగారు దానికి దండ వేయించి, ప్రార్థన చేయించి, పైన గుడ్డ కప్పించాడు. యంత్రమైనా మహానుభావుడైనా మనవాళ్ళు చేసే సత్కారం ఒకటే, దండ వేసి కప్పెయ్యడం.

"క్రిస్మస్ సెలవుల ముందు కమిటీ వస్తది" అన్నాడు కాంతమ్మతో. "అప్పటికి పిల్లలు దాన్ని వాడుతుంటే ఇక్కడే ఉంటది టీచరుగారూ. లేదనుకోండి, బాపట్ల పంపేస్తాం. ఆఫీసులో ఉత్తరాలు కొట్టుకోడానికన్నా పనికొస్తది."

కాంతమ్మ ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మాస్టారికి దైవదర్శనమైనట్టయింది. పిల్లల కోసం ఒక ఆట తయారుచేస్తానన్నాడు. శనివారాలు బాపట్ల వెళ్ళి బేసిక్ అనే కంప్యూటరు భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్పేవాడు సీతారామాంజనేయులు, అక్కడ కంప్యూటర్ సెంటరు పెట్టినవాడు. ఒకప్పుడు మాస్టారి స్కేలు రుచి చూసినవాడే.

"మీరు తప్పు చేస్తే ఇప్పుడు నేను కొట్టొచ్చా మాస్టారూ?" అన్నాడట.

మాస్టారు చెయ్యి చాపి "కొట్టు" అన్నాడు.

"అయ్యో, సరదాకన్నానండి!" అని ఆ గురువు శిష్యుడి చెయ్యి పట్టుకుని బతిమాలుకున్నాడట.

ఆట మాత్రం మంచిదే. తెర మీద ఒక రైలు తెనాలిలో బయల్దేరుతుంది. తెర పైన ఒక అక్షరం కనబడుతుంది. మీటల మీద తెలుగు అక్షరాలు కాగితం ముక్కల మీద రాసి అంటించారు. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఆగాలి, పచ్చబడగానే ఆ అక్షరం వెతికి నొక్కాలి. సరిగ్గా నొక్కితే బండి జంపని చేరుతుంది, తరవాత వేమూరు, భట్టిప్రోలు, అలా రేపల్లె దాకా. రేపల్లె చేరితే ఒక కూత. ఆ కూత కోసం మాస్టారు రెండు శనివారాలు తగలేశాడు.

రేపల్లెలో మొదటిరోజే గొడవ. బాపట్ల సెంటరులోది రంగుల తెర, బడిలోది నలుపూ తెలుపూ. ఎరుపూ బూడిదే, పచ్చా బూడిదే. పిల్లలు ఎప్పుడు నొక్కినా తప్పే. దానికి తోడు అక్షరాలు అంటించిన మీటల మీద మాస్టారు అలవాటుకొద్దీ రేకు మూత పెట్టించాడు.

"అక్షరాలంటించి మళ్ళీ మూతేంటండీ?" అంది కాంతమ్మ. "కూర వండి గిన్నెకి తాళం వేసినట్టుంది."

ఆ రేకు ఆ సాయంత్రమే ఆవిడ సంచిలో ఇంటికి చేరి, పిల్లి ముట్టకుండా పాలగిన్నె మీదికి ఎక్కింది. సిగ్నల్ సంగతీ ఆవిడే తేల్చింది. "రోజూ చూసే సిగ్నల్‌కి చెయ్యి ఉందిగా? చెయ్యి వాలితే పొమ్మని, అడ్డంగా ఉంటే ఆగమని. రంగు కనపడని ముసలాళ్ళు కూడా దాన్ని చూసే సంచులు సర్దుకుంటారు." మరుసటి శనివారం సీతారామాంజనేయులు చిన్న గీత గీసి చెయ్యి పెట్టాడు. ఇక్కడిదాకా మాస్టారు ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది అసలు రోగం. ఒక్క తప్పు నొక్కితే చాలు, బండి ఎక్కడున్నా సరే, గిర్రున తిరిగి తెనాలి వచ్చేస్తుంది. తొందరగా నొక్కకపోతే అక్షరం మాయం, అదీ తప్పే, మళ్ళీ తెనాలే. ఎంత తెలివైన పిల్లవాడికైనా భట్టిప్రోలు దగ్గర వేలు తప్పేది.

"ఈ బండి ఎప్పుడూ భట్టిప్రోలు దాటదేంటండీ?" అని పిల్లలు అడిగారు.

"తప్పు లేకుండా కొడితే దాటుద్ది" అన్నాడు మాస్టారు.

వారం తిరిగేసరికి పిల్లలు కంప్యూటరు గది వదిలేసి గోళీలకు పోయారు. ఒక్క పిల్ల మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడేది, సారా. పసితనంలో పోలియో వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మొదటిరోజు వరసలో ముందుకొస్తే మాస్టారే "రెండు చేతులూ ఉండాలమ్మా దీనికి, నువ్వు చూస్తూ ఉండు" అన్నాడు. ఆ పిల్ల ఆ మాట పట్టుకుని చూస్తూనే ఉంది.

"ఆ పిల్లని కూర్చోబెట్టండి" అంది కాంతమ్మ ఇంట్లో.

"ఒంటి చేత్తోనా? వేలు వెతుక్కునేలోపు అక్షరం పోద్ది."

"పోకుండా చెయ్యండి."

"చేస్తే ఇంక క్రమశిక్షణేముంది? తప్పుకి విలువేముంది కాంతం? ముప్ఫయ్యేళ్ళు..."

"ముప్ఫయ్యేళ్ళ క్రమశిక్షణ సోడా బండి వెనక నక్కింది."

నేను అక్కడే ఉన్నాను. ఈ ఊరికి ఇంక రాకూడదేమో అనిపించింది. కమిటీ వచ్చే రోజు దగ్గరపడుతోంది, ఆటను ముట్టుకున్న పిల్ల లేదు. దండ వాడిపోయిన ఆ యంత్రం బాపట్ల పోవడం ఖాయమని మాస్టారికీ తెలుసు. అయినా కదల్లేదు.

కమిటీ రోజు ముగ్గురం పొద్దున పాసింజరెక్కాం. మాస్టారి చొక్కా జేబులో ఆట ఉన్న ఫ్లాపీ, చేతిలో స్కేలు. బండి వేమూరు దాటింది, భట్టిప్రోలు బయట ఆగింది. సిగ్నల్ చెయ్యి అడ్డంగా ఉంది. మొదట వేరుశనక్కాయలవాడు వచ్చాడు, తరవాత జామకాయలవాడు వచ్చాడు, సిగ్నల్ మాత్రం రాలేదు. మాస్టారు కిటికీలోంచి తల పెట్టి రైల్వేవాళ్ళను, వాళ్ళ తాతలను తిట్టడం మొదలుపెట్టాడు.

"ఏదో తప్పు జరిగుంటది" అంది కాంతమ్మ, జామకాయ కొరుకుతూ. "దిగండి. నడుచుకుంటూ తెనాలి పోయి మళ్ళీ ఎక్కి వద్దాం."

ఎదుటి బల్ల మీద తమలపాకుల బుట్టతో ఉన్న ముసలమ్మకు ఇది అర్థంకాలేదు. "ఎనక్కెందుకమ్మా?" అంది. "ఆగుద్దిగానీ పోద్దిగా."

"చెప్పండి పిన్నీ, ఆయనకి చెప్పండి. ఇన్నేళ్ళు ఈ బండెక్కుతున్నా. ఇది ఆగింది, పడుకుంది, గేదెలకి దారిచ్చింది. ఒక్కసారన్నా వెనక్కి తెనాలి పోయిందా?"

మాస్టారు తల లోపలికి తీసుకున్నాడు. స్కేలు ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి ఫ్లాపీ తీసి చూశాడు. సిగ్నల్ చెయ్యి వాలింది, బండి కదిలింది. రేపల్లె చేరేదాకా ఆయన నోరు విప్పలేదు. అది ఆ దాంపత్యంలో రికార్డని కాంతమ్మ తరవాత నాతో అంది.

బడికి చేరగానే కంప్యూటరు ముందు కూర్చుని ఆట కోసం రాసిన లైన్లన్నీ తెర మీదికి తెచ్చాడు. తప్పు జరిగితే పదో లైనుకు, అంటే తెనాలికి, తిరిగి పొమ్మని చెప్పే 'గోటూ టెన్' ఒకచోట ఉంది. అక్షరాన్ని మాయం చేసే లైను ఇంకోచోట ఉంది. పక్కన సీతారామాంజనేయులు లేడు, చెడితే బాగుచేసే నాథుడు లేడు. గేటు దగ్గర కమిటీ జీపు ఆగిన చప్పుడు. జీవితంలో రబ్బరు ముట్టని మనిషి ఆ రెండు లైన్లూ చెరిపేశాడు. తప్పు నొక్కితే సిగ్నల్ చెయ్యి లేస్తుంది, బండి ఉన్నచోటే ఉంటుంది, అక్షరమూ ఉంటుంది. అంతే మిగిల్చాడు.

అబ్రహాముగారు ఇద్దరు పెద్దలతో లోపలికొచ్చాడు. "ఏరండీ పిల్లలు?"

కాంతమ్మ మొగుణ్ణి అడగలేదు. గుమ్మం దగ్గరున్న సారాను రెక్క పుచ్చుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

సారా ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే వాడింది. జంపని వచ్చింది. వేమూరు దగ్గర తప్పు నొక్కింది, సిగ్నల్ చెయ్యి లేచింది, పిల్ల బిగుసుకుపోయింది. బండి వెనక్కి పోలేదు. పిల్ల మాస్టారి వంక చూసింది. ఆయన మీటల వంక చూపించాడు, స్కేలుతోనే. సారా వంగి, ముక్కు మీటలకు తగిలేట్టు వెతికి, నొక్కింది. బండి కదిలింది. గోళీలాడే పిల్లలు కిటికీల దగ్గర మూగారు.

"ఒంటి చేత్తో కొడతందేంటి మాస్టారూ?" అన్నాడు అబ్రహాముగారు. "మీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోనండి. కానీ ఇది రేపల్లె బండి. వచ్చినవాళ్ళని ఎక్కనివ్వాలి."

"మరి తప్పుకి శిక్ష ఉండొద్దా?"

"బండి ఆగిందిగదండీ. ఊరెళ్ళాలనున్న మనిషికి అంతకన్నా శిక్షేం కావాలి?"

భట్టిప్రోలు దగ్గర బండి బాగానే ఆగింది, అసలు బండికి ఏమీ తీసిపోకుండా. కిటికీల్లోంచి "ఆ మూల! ఆ మూల సారా!" అని అరుపులు. తరవాత రేపల్లె వచ్చింది. కూత వేసింది. సన్నగా, ఈల మింగిన పిచ్చుకలా. అప్పటిదాకా మాస్టారూ సీతారామాంజనేయులూ తప్ప ఎవరూ వినని ఆ కూతకు బడంతా ఒక్క అరుపు అరిచింది.

అబ్రహాముగారు కోటు సర్దుకుని "చూద్దాం, నన్నొకసారి కూర్చోనివ్వండి" అన్నాడు. జంపనిలో ఇరుక్కున్నాడు. పిల్లలు నవ్వారు, కమిటీ పెద్దలు అక్షరాలు అందించారు, ఆయన వినలేదు. కాఫీలొచ్చి చల్లారాయి.

"బాపట్ల ఎప్పుడు పంపమంటారండీ దీన్ని?" అంది కాంతమ్మ అమాయకంగా.

"ఎక్కడికీ పంపక్కర్లేదు టీచరుగారూ, ఇక్కడే ఉంటది. ముందు నన్ను జంపని దాటనివ్వండి."

టైపు ఇన్‌స్టిట్యూట్ ఆ తరవాత కొన్నేళ్ళకు మూతపడింది. దానికి కన్నీరు కార్చే పని నాది కాదు, మంచి ఫ్యాను పోయిందన్న బాధ తప్ప. ఆ రోజు కమిటీ జీపెక్కి పోయాక మాస్టారు తానే కుర్చీలో కూర్చున్నాడు, పది వేళ్ళతో కొడితే రేపల్లె ఎంతలో వస్తుందో పిల్లలకు చూపించాలని. ఒకసారి చూపించాడు. రెండోసారి మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి ఒకటి ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"లేవండి మాస్టారూ, నా వంతు."

ఆయన లేవలేదు. వెనకనుంచి ఇంకో నలుగురు లాగారు.

"లాగినా లేవని పిల్లలు కావాలన్నారు. మీరే లేవట్లేదు" అంది కాంతమ్మ.

ఆయన లేచి గోడకు ఆనుకున్నాడు. సారా ఎక్కి కూర్చుంది, వంకరగా, ఒక కాలు మడిచి, కళ్ళు మీటల్లో పెట్టి. మాస్టారి చేతిలో స్కేలు కదిలింది.

"నడుము వంగింది" అన్నాడు భార్య చెవిలో. "ఆ ఒక్కటీ చెప్పనా?"

"నోర్మూసుకోండి" అంది కాంతమ్మ.