ఎస్తేరు ఫ్లాస్కులో పడ్డ చుక్క

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో కుళ్లుతోంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు కక్కుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే ధైర్యం వచ్చింది. దీన్ని ధైర్యం అనడం కూడా సిగ్గుచేటే.

నేను భిలాయిలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో అటెండర్ని. గాజుసామాను కడగడం, ఇంక్యుబేటర్ తుడవడం నా పని. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఆగిపోయిందని ఒప్పుకోలేక లైబ్రరీలో కూర్చున్నాను. కణాల పెంపకం మీద లావాటి ఇంగ్లిషు పుస్తకాలు, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పేరా మూడుసార్లు చదివి, నోట్‌బుక్కులో తెలుగులో రాసుకునేవాణ్ణి. ఎమ్మెస్సీ పిల్లలు సందేహం వస్తే నన్నడిగేవారు. ల్యాబ్ నడిపే మా సార్ నన్ను "పండిత్‌జీ" అని పిలిచేవారు. ఎగతాళే. అయినా ఆ పిలుపు వింటే నా వీపు నిటారుగా అయ్యేది.

ఎస్తేరు మా సార్ దగ్గర పరిశోధన చేసేది. అసలు పేరు అది కాదు. భిలాయిలోనే క్యాంప్ 2 అనే బస్తీ పిల్ల. వాళ్ల తాత విజయనగరం నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటు పనికి వచ్చాడు, మావాళ్లలాగే. ల్యాబ్‌లో అందరిదీ హిందీ, మా ఇద్దరికే తెలుగు. నన్ను అన్నయ్యా అనేది. చర్మకణాలను ఫ్లాస్కుల్లో పెంచి, వాటి మీద ఒక మందు ఎలా పనిచేస్తుందో చూడడం ఆమె పని. నెమ్మదిగా పెరిగే కణాలవి. రెండు మూడు రోజులకోసారి వాటి మీడియా, అంటే అవి తిని బతికే ఎర్రటి ద్రవం, తీసేసి కొత్తది పోయాలి. ఆదివారం ఆమెకు చర్చి. అందుకని ఆదివారాలు ఆ పని నాకు అప్పగించింది. నిజానికి అటెండరు వాటిని ముట్టుకోకూడదు. నాకు అదే గర్వం.

ఒక ఆదివారం సార్ తన క్యాన్సర్ కణాలకు కూడా మీడియా నన్నే పోయమన్నారు. ఒక రకం కణాలకు ఒక మీడియా సీసా, ఒకసారికి ఒకే ఫ్లాస్కు, మధ్యలో ద్రవాన్ని పీల్చి పోసే పిపెట్ మార్చాలి. ఈ నియమం నా నోట్‌బుక్కులో ఎర్ర సిరా గీతతో సహా ఉంది. నేను రెండు ఫ్లాస్కులూ ఒకేసారి తెరిచాను. రెంటికీ ఒకటే సీసా. సార్ ఫ్లాస్కులో పోస్తుంటే పిపెట్ కొన లోపలి ద్రవానికి తగిలింది. చూశాను. అదే కొనను మళ్లీ సీసాలో ముంచి, ఎస్తేరు ఫ్లాస్కులో పోశాను. ఎందుకు? పిపెట్ మార్చడానికి అర నిమిషం కూడా పట్టదు. చెయ్యి తిరిగినవాణ్ణి, నా వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంతకంటే మంచి కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఐదారు వారాలకు, ఆ ఫ్లాస్కు నుంచి పంచి పెంచిన ఎస్తేరు ఫ్లాస్కులన్నీ మారిపోయాయి. చేపపిల్లల గుంపులా సన్నగా ఒకే వైపు సాగి ఉండే కణాల చోట గులకరాళ్లలాంటివి ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. మందు వేసినా లెక్కచేయడం లేదు. ల్యాబ్ అంతా కారణం కోసం వెతికింది. మీడియాలో కలిపే సీరమ్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంక్యుబేటర్‌లో గ్యాస్ కొలిచారు. నీళ్లు మార్చారు. బ్యాక్టీరియా లేదు, బూజు లేదు. నేను పరుగెత్తి పరుగెత్తి అన్నీ అందించాను. మైక్రోస్కోపులోకి తొంగిచూసిన మొదటి రోజే నాకు తెలుసు, అవి సార్ కణాలని. ఆమె కణాలను తోసేసి చోటంతా ఆక్రమించాయి. డిఎన్‌ఏ పోల్చి ఏ కణాలో తేల్చే పరీక్ష ఉందనీ తెలుసు. అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో కూడా.

సార్ విసిగిపోయి, "పండిత్‌జీ, ఆప్ హీ బతాయియే" అన్నారు. మీరే చెప్పండి అని. అందరూ నవ్వారు. నేను చెప్పాను. ఫ్లాస్కు అడుగు నుంచి కణాలను విడదీసే ఎంజైమ్‌లో ఈ అమ్మాయి వాటిని ఎక్కువసేపు వదిలేస్తోందని, ఆ దెబ్బకు తట్టుకుని మిగిలినవి ఇలా రూపం మార్చుకుంటాయని, పుస్తకంలోని పెద్ద మాటలన్నీ పేర్చి, మధ్యమధ్య ఆగుతూ, వినయంగా చెప్పాను. నవ్వు ఆగింది. నన్ను మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు నాకు బాగుంది. ఇది కూడా రాయాలి. బాగుంది.

సార్ ఆమెను ఇక ఆ గదిలోకి రావద్దన్నారు. ఏణ్ణర్థం పని పోయింది. మళ్లీ మొదలుపెడతానని బతిమాలింది. ఆ చేత్తో మళ్లీ అదే అవుతుందని ఆయన ఒప్పుకోలేదు. సామాను తీసుకెళ్లే రోజు నేనున్న సింకు దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచీసానేటి? టైమర్ పెట్టుకునే కదా చేసాను."

"ఏమోనమ్మా. ఒక్కోసారి మనకి తెలీకుండానే అయిపోద్ది."

"నా చేతికి ఈ పని రాదంటావా? నిజం చెప్పు. నువ్వు అన్నీ చదివినోడివి."

నేను తోముతున్న ఫ్లాస్కు మీంచి కళ్లెత్తలేదు. "అందరికీ రాదులేమ్మా" అన్నాను.

"పోన్లే. ఆదివారాలు నువ్వు చూసావు కాబట్టి అన్నాళ్లయినా బతికాయి" అంది.

ఇక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణని చెప్పుకుని బతికేవాణ్ణి. కానీ ఆ ఆదివారానికి ముందే ఆమె గడ్డకట్టించి దాచిన చిన్న సీసా ఒకటి నైట్రోజన్ ట్యాంకులో ఉంది. అందులో ఉన్నవి ఆమె అసలు కణాలు. వాటిని పెంచి చూస్తే ఆమె చేతిలో తప్పు లేదని తేలేది. ఆమె వెళ్లిన నెలకు, వెళ్లిపోయినవాళ్లవి పారేసి ట్యాంకు సర్దమన్నారు. అది ఉంచమని ఒక్క మాట అంటే ఉంచేవారు. దాన్ని తీసి, మూత తిప్పి, బ్లీచ్‌లో వేశాను. చేతులు వణకలేదు. నా మీద నాకు అన్నిటికంటే రోత పుట్టించేది ఆ వణకని చేతులే.

ఆమె ఇప్పుడు పక్క ఊరు దుర్గ్‌లో బడిపిల్లలకు సైన్సు చెబుతోందట. ఆమెకే చెప్పొచ్చు కదా అంటారు. చెబితే క్షమించేస్తుంది, ఆ క్షమ నాకు దక్కకూడదు అని రాయబోయాను. అబద్ధం. ఉద్యోగం పోతుందని భయం. అంతే.

ఎస్తేరు కణాలను ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచలేదు. ఆ ల్యాబ్‌లో నేను చూసినవాళ్లందరిలోకీ శుభ్రంగా పనిచేసింది ఆమే. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమెకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.