దొరసానికి వంతెన నేర్పిన మా బాబాయి

మా బాబాయికి గుర్రాలంటే ప్రాణం. ఈ మాట ఊళ్ళో అందరూ మెచ్చుకోలుగా అంటారు, మా పిన్ని ఒక్కతే ఫిర్యాదుగా అంటుంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ ఇంట్లో గాలికి రెపరెపలాడేదీ, కింద పడితే చప్పుడు చేసేదీ ఏదైనా సరే, ఏదో ఒకనాటికి గుర్రపుశాలకు చేరాల్సిందే. మంచం మీది దుప్పటి పోయింది. వంటింటి గుమ్మానికి వేసిన పరదా పోయింది. పిన్నికి వాళ్ళ అన్నయ్య కొనిచ్చిన కొత్త గొడుగు కూడా పోయింది. అడిగితే, "ఏం కాదులే, గుర్రానికి గొడుగు అలవాటు చేస్తున్నాను, రెండు ఊచలు విరిగాయంతే" అన్నాడు.

నేను వాళ్ళ పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. గుర్రాల మీద కప్పే దుప్పట్లు చిరిగితే కుట్టిచ్చేది నేనే. అందుచేత ఇంటి గొడవా, శాల గొడవా రెండూ నా చెవిన పడుతుంటాయి. పడకపోతే నేనే వెళ్ళి వింటాను.

బాబాయి పనిచేసే శాల ఊరి చివర ఉంది. స్వారీ సరదా ఉన్నవాళ్ళు అక్కడికొచ్చి గుర్రమెక్కి, వెనకున్న చెట్లలోంచి పోయే గుర్రాల బాట మీద ఓ చుట్టు తిరిగొస్తారు. వినడానికి హాయిగానే ఉంటుంది. గుర్రం వైపు నుంచి చూస్తే మాత్రం ఆ బాట నిండా గండాలే. కోతమిల్లు పక్కన దుంగల మీద కప్పిన నీలం టార్పాలిన్ పట్టాలు గాలికి చప్పట్లు కొడుతుంటాయి. ఓ చోట పడిపోయిన చెట్టు అడ్డంగా ఉంటుంది. ఇంకో చోట జీను మీద నుంచే వంగి తీయాల్సిన గేటు. మలుపులో హఠాత్తుగా ఎదురయ్యే సైకిళ్ళు. అన్నీ దాటాక వాగు, దాని మీద చెక్కల వంతెన. వీటన్నిటినీ బెదరకుండా దాటడం గుర్రాలకు నేర్పడమే మా బాబాయి ఉద్యోగం.

కొట్టి దాటించడం ఆయన ఒంట్లో లేదు. ఆయన పద్ధతి వేరు. గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్ళి, అది బెదిరేదానికి కాస్త ఇవతలే ఆగుతాడు. అది మెడ చాచి చూస్తుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది. సరిగ్గా అది ఇంకో అడుగు వేద్దామా అనుకునేసరికి వెనక్కి తిప్పేస్తాడు.

"అదేంటి బాబాయ్, వెళ్దామనుకుంటున్నప్పుడు తిప్పేస్తావేంటి?" అని అడిగాను ఓసారి.

"వద్దన్నాక తిప్పితే భయం గెలిచినట్టమ్మాయ్. వెళ్దామన్నప్పుడు తిప్పామనుకో, దానికే ఉబలాటం పుట్టి, రేపు మనల్ని లాక్కుపోతుంది. మీ పిన్నిని బట్టల కొట్టు ముందు నుంచి తీసుకెళ్ళి చూడు, నీకే తెలుస్తుంది."

ఈ పద్ధతికి లొంగని గుర్రం లేదని ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వాన్ని అణచడానికే పుట్టినట్టు వచ్చింది దొరసాని.

అది తేనెరంగు ఆడగుర్రం. తల్లి దాన్ని కని పోతే, బాబాయే సీసాతో పాలు పట్టి పెంచాడు. చిన్నప్పటి నుంచీ బురదలో కాలు పెట్టదు, తడి గడ్డి తినదు, ఎవరైనా ముట్టుకుంటే ఒళ్ళు జలదరించుకుని దులుపుకుంటుంది. అందుకే ఆ పేరు. శాలలో ఇంకెవరు పిలిచినా పలకదు, బాబాయి దగ్గు వినిపిస్తే చాలు, తలుపు మీంచి మెడ బయటపెడుతుంది. ఆ ముచ్చట ఆయన ఇంటికొచ్చి మురిసిపోతూ చెబితే, "నన్ను కట్టుకున్నాక నా మొహం ఇంత సంతోషంగా ఎప్పుడైనా చూశారా?" అని పిన్ని దెప్పేది.

నేల మీద పరిచిన పట్టాల మీద దొరసాని నడిచింది, దుంగ దాటింది, గేటు దగ్గర బుద్ధిగా నిలబడింది, సైకిలు గంటకు చెవి కూడా కదపలేదు. వంతెన దగ్గర మాత్రం కాళ్ళు భూమిలో పాతినట్టు నిలబడిపోయేది. బాబాయి శాల ఆవరణలోనే చెక్కలు పరిచాడు, కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. ఆ చెక్కల మీద పెళ్ళికూతురిలా నడిచింది. ముసలి మగగుర్రాన్ని ముందు నడిపించి, దాని వెనకాల తీసుకెళ్ళాడు. ముసలిది దాటేసింది, ఇది ఒడ్డునే నిలబడి సకిలించింది. వాగు పక్కనే గడ్డి వేసి మేపాడు. హాయిగా మేసింది గానీ, వంతెన ఎక్కలేదు.

శాల నడిపే మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆవిడే బాబాయిని పిలిచి చెప్పింది.

"చూడండి, ఉన్న గదులు తక్కువ. బాట మీద నడవలేని గుర్రాన్ని ఎన్నాళ్ళని ఉంచుకోను? దూరాన తోటలున్న ఆయన ఒకరు బండికి కావాలని అడుగుతున్నారు. వానలు మొదలయ్యేలోపు వంతెన దాటిందా, ఇక్కడే ఉంటుంది. లేదంటే పంపించేస్తాను."

ఆ రోజు బాబాయి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. పిన్ని ఏమైందని అడిగితే "ఏం కాదు" అన్నాడు. ఆయన ఊతపదం అది. పిడుగు పడినా, పాలు పొంగినా, కొట్లో బియ్యం అయిపోయినా అదే మాట. విషయం మొత్తం శాలలో పనిచేసేవాళ్ళ ద్వారా నాకు తెలిసింది, నా ద్వారా పిన్నికి తెలిసింది. విన్నాక ఆవిడ, "ఆ గుర్రాన్ని బండికి కడితే ఈయన బతకడే" అంది.

మర్నాడు కుట్టిన దుప్పట్లు ఇవ్వడానికి నేను బయల్దేరితే, భోజనం క్యారేజీ పట్టుకుని పిన్ని కూడా వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ శాల గడప తొక్కడం అదే మొదలు. వాసన పడదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాగు దాకా నడిచింది.

మేం వెళ్ళేసరికి బాబాయి దొరసాని మీద కూర్చుని వంతెన వైపు వస్తున్నాడు. పగ్గాలు వదులుగా ఉన్నాయి. గుర్రం కూడా ఏదో తోటకు షికారు వచ్చినట్టు తల ఊపుకుంటూ నడుస్తోంది. వంతెన ఇంకాస్త దూరం ఉందనగా బాబాయి ముందుకు వంగి, దాని మెడ నిమిరి, ఎంతో ప్రేమగా, "ఏం కాదు తల్లీ, ఏం కాదు" అన్నాడు.

అంతే. దొరసాని చెవులు వెనక్కి పడ్డాయి, కళ్ళల్లో తెల్లగుడ్డు కనిపించింది, నాలుగు కాళ్ళూ బిగుసుకుపోయాయి.

పిన్ని క్యారేజీ కింద పెట్టి పకపకా నవ్వింది. బాబాయికి ఒళ్ళు మండిపోయింది.

"నా ప్రాణం పోతుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"ఏం చెయ్యనండీ, ఆ మూగజీవాన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంది. పన్ను పీకించడానికి తీసుకెళ్తూ నాతో ఏమన్నారు? ఏం కాదు అన్నారు. మా నాన్నకి బాగాలేదని కబురొచ్చినప్పుడు ఏమన్నారు? ఏం కాదు అన్నారు. మీరు ఆ మాట అన్నారంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు, ఏదో కొంప మునిగిందన్నమాటే. దానికి సూది పొడిపించేటప్పుడు ఏమంటారు?"

బాబాయి చెయ్యి దొరసాని మెడ మీదే ఆగిపోయింది.

"కాలికి నాడాలు కొట్టించేటప్పుడో?"

బాబాయి మెల్లగా కిందికి దిగి, దొరసాని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అది పాలు తాగే పిల్లగా ఉన్నప్పటి నుంచి, దానికి నొప్పి కలిగే ప్రతిసారీ ముందుగా వినిపించిన మాట అదే. ఊరడించాననుకుంటూ ఇన్నాళ్ళూ హెచ్చరించాడు. పట్టాల మీదా, దుంగ మీదా, ఆవరణలో చెక్కల మీదా నడిపించినప్పుడు ఆ మాట అనాల్సిన అవసరమే రాలేదు, అందుకే అక్కడ నడిచింది.

తెలిసింది కదా, ఇంకేముంది అనుకున్నాను నేను. అంత తేలిక కాదట. మర్నాడు నోరు కుట్టేసుకుని వెళ్ళాడు. నోరు మూసుకుంటే ఊపిరి కూడా బిగబడుతుంది, తొడలు బిగుస్తాయి, అది జీను కిందున్న గుర్రానికి తెలిసిపోతుంది. మళ్ళీ అక్కడే నిలబడిపోయింది. సాయంత్రం గుమ్మంలో కూలబడ్డాడు.

"మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఒక తంటా. నేనేం చెయ్యనే?"

"రోజూ నాతో మాట్లాడినట్టు మాట్లాడండి," అంది పిన్ని. "వంట మీద, నా మీద, మా పుట్టింటివాళ్ళ మీద సణుగుతారే, అలాగ. సణిగేటప్పుడు మీ అంత నిమ్మళంగా ఉండే మనిషి ఉండడు."

మేడమ్ చూడటానికి వస్తానన్న రోజు ఆకాశం అప్పటికే మబ్బు పట్టి ఉంది. మేమిద్దరం వాగు ఇవతల ఒడ్డున చెట్టు పక్కన నిలబడ్డాం. మేడమ్ మా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. దొరసాని మలుపు తిరిగింది. గుర్రం కంటే ముందు బాబాయి గొంతు వచ్చింది.

"...కూరలో ఉప్పెక్కువైందని అన్నానా, అంతే, పొద్దున్నుంచి మూతి ముడుచుకునే ఉంది. నేను ఒక్కమాట అంటే పది మాటలు అంటుంది. వాళ్ళ అన్నయ్య సంగతి చెప్పనా నీకు? చెప్పులు ఇంట్లో వేసుకు తిరుగుతాడు..."

జవాబు చెప్పాలని పిన్ని నోరు దురద పెట్టి ఉంటుంది, నాకు తెలుసు. గట్టిగా అరిస్తే గుర్రం బెదురుతుందని పళ్ళ బిగువున ఆపుకుంది. ఆవిడ జీవితంలో చేసిన త్యాగాలన్నిటిలోకీ అదే పెద్దదని నా నమ్మకం.

దొరసాని ఒక చెవి వెనక్కి తిప్పి ఆ చాడీలన్నీ వింటూ మొదటి చెక్క మీద కాలు పెట్టింది. డొల్లగా చప్పుడైంది. బాబాయి గొంతు తగ్గలేదు, హెచ్చలేదు. బావమరిది చెప్పుల దగ్గర్నుంచి గురక దాకా వచ్చేసరికి అవతలి ఒడ్డు చేరుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మ చెల్లెలి మొగుడని కూడా చూడకుండా నేను ఈల వేయబోయాను, పిన్ని నా నోరు మూసింది.

మేడమ్ నవ్వింది. "బాగుందండీ. కానీ దీన్ని రేపు ఎక్కేది మీరు కాదు కదా. దిగండి, ఇప్పుడు నేనెక్కి చూస్తాను. మీరు ఇక్కడే ఉండండి, వెనకాల రావద్దు."

ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. బాబాయి మొహం పాలిపోయింది. దిగాడు. కాలు పెట్టే రికాబు పొడవు సరిచేశాడు, సరిగ్గా ఉన్న జీను పట్టీనే మళ్ళీ బిగించాడు. పగ్గాలు ఆవిడ చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. శాల అంతటిలో ఆయన పిలుపుకు తప్ప పలకని గుర్రం అది. అది ఇప్పుడు ఆయన్ను వదిలి వెళ్తేనే ఆయన దగ్గర మిగులుతుంది.

దొరసాని కదిలింది. వంతెన ముందు తల దించి ఒకసారి చెక్కల వాసన చూసింది. తర్వాత అలవాటైన దారిలాగే ఎక్కింది. డొల్ల చప్పుడు అవతలి దాకా సాగి ఆగిపోయింది. అవతల గట్టెక్కి, తోక ఊపుకుంటూ, చెట్ల మలుపులో కనుమరుగైంది.

"చూశావా అమ్మాయ్," అన్నాడు బాబాయి గర్వంగా. "ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు."

కాసేపాగి, ఈసారి నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాడు.

"చూడకూడదనే కదండీ ఇన్నాళ్ళూ నేర్పారు," అంది పిన్ని.

"అవును. బాగా నేర్చుకుంది." అంటూ ఒడ్డునున్న ఓ దుంగ మీద కూర్చుని చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గెందుకు. పిన్ని ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, గుర్రపు చెమట వాసన కొడుతున్న ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది. అది తిరిగొచ్చేదాకా ఇద్దరూ ఆ మలుపు వైపే చూస్తూ ఉన్నారు.